కొత్త బ్యాటరీ వేశారు, సెల్ఫ్ మోటారు బాగు చేశారు, అయినా కారు తోయాల్సిందే: ఒక కేస్ స్టడీ

కారు ఒక చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, పదిహేనేళ్ళు దాటినది. 1.1 లీటర్ ఇంజిను, చేత్తో మార్చే గేర్లు, కేబుల్‌తో పనిచేసే క్లచ్, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. యజమాని విజయవాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు. ఫిర్యాదు ఒక్క ముక్కలో: సెల్ఫ్ తీసుకోదు. తోస్తే మాత్రం పది అడుగుల్లో ఇంజిను అందుకుంటుంది.

నా దగ్గరికి వచ్చేసరికే దీనికి కొత్త బ్యాటరీ పడింది. సెల్ఫ్ మోటారు దించి కార్బన్లు, బుష్‌లు మార్చారు. మధ్యలో పెడల్ బిగుసుకుపోతోందని క్లచ్ కేబుల్ కూడా మార్చారు. మూడు పనులకూ రసీదులు ఉన్నాయి, జబ్బు ఉన్నచోటే ఉంది. ఆటోనగర్‌లో కూర్చుంటే ఇలాంటి కార్లు తరచూ వస్తాయి. భాగాలు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే ఎప్పటికో ఒకప్పటికి అసలు భాగం తగులుతుంది, కాదనను. కానీ ఆ ఖర్చు మెకానిక్‌ది కాదు, కారు యజమానిది.

తోస్తే స్టార్టవుతోందంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ వస్తోంది, కంప్రెషన్ ఉంది. ఇంజినును తిప్పే పనిలోనే లోపం. అందుకని ముందు బానెట్ ఎత్తలేదు, మాస్టారిని కూర్చోబెట్టి అడిగాను.

"మొదటిసారి ఎప్పుడు మొరాయించింది మాస్టారూ?"

"క్లచ్ ప్లేటు మార్పించిన కొద్ది రోజులకే అనుకుంటానండీ. కానీ క్లచ్‌కూ సెల్ఫ్‌కూ సంబంధం ఏముంటుంది?"

"ఉందో లేదో మీటరు చెబుతుంది. తాళం తిప్పినప్పుడు చప్పుడు ఎలా వస్తుందో చెప్పండి."

సెల్ఫ్ తీసుకోదు అన్న మాట ఒక్కటే నాకు చాలదు. ఆ క్షణంలో వినపడే చప్పుడు కావాలి. టకటకటకమని వరుసగా కొట్టుకుంటే సాధారణంగా బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా టెర్మినల్ వదులై ఉంటుంది. మోటారు మీద కూర్చుని దానికి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్, అంటే సాలినాయిడ్, లాగుతుంది, మోటారు కరెంటు గుంజగానే వోల్టేజి కూలుతుంది, సాలినాయిడ్ వదిలేస్తుంది, వోల్టేజి లేస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఆ తంతు సెకనుకు ఎన్నోసార్లు జరిగితే వచ్చేదే ఆ టకటక. ఒకే ఒక్క టక్ వినిపించి ఊరుకుంటే సాలినాయిడ్ తన పని చేసిందని, మోటారుకు చాలినంత కరెంటు చేరలేదని, లేదా మోటారే పట్టేసిందని అర్థం. అసలు చప్పుడే లేకపోతే తాళం నుంచి సాలినాయిడ్ దాకా వచ్చే సన్న వైరు దారిలో వెతకాలి. మోటారు గిర్రున ఖాళీగా తిరిగి ఇంజిను కదలకపోతే అది పళ్ళ చక్రం సంగతి, ఇక్కడ దానితో పని లేదు.

మాస్టారు ఆలోచించి చెప్పారు. "పొద్దున్నపూట మూలుగుతూ తిరుగుతుంది, ఎలాగో అందుకుంటుంది. ఒక్కోసారి టక్ అని ఆగిపోతుంది. మధ్యాహ్నం ఎండలో కాలేజీ నుంచి బయటికొచ్చి తిప్పితే ఆ టక్ కూడా ఉండదు."

ఈ మాట విలువైనది. మూలగడం, టక్కని ఆగడం లావు కేబుళ్ళ దారిలో పుట్టే లక్షణాలు. చప్పుడే లేకపోవడం సన్న వైరు దారిలో పుట్టే లక్షణం. ఒకే ఫిర్యాదు కింద రెండు జబ్బులు దాగి ఉండవచ్చు. కారును అంతకుముందు చూసినవాళ్ళు ఒకటే జబ్బు అనుకుని దానికి ఒకటే మందు వెతికారు.

సెల్ఫ్ వ్యవస్థలో ఉన్నవి రెండు దారులు. మొదటిది కరెంటు వరదలా పారే దారి: బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్ మీదుగా సాలినాయిడ్‌పై ఉన్న 30 నంబరు బోల్టుకు, లోపలి రాగి కాంటాక్టుల మీదుగా మోటారుకు, మోటారు గుల్ల నుంచి ఇంజినుకు, ఇంజిను నుంచి ఎర్త్ పట్టీ ద్వారా బాడీకి, బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు. మోటారు నుంచి మైనస్‌కు తిరిగొచ్చే ఈ వైపునే ఎర్త్ అంటాం. చిన్న పెట్రోలు కారులో ఈ దారిలో వంద ఆంపియర్ల పైచిలుకు నడుస్తాయి, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. రెండోది ఆజ్ఞ మోసే దారి: బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్‌కు, అక్కడి నుంచి సాలినాయిడ్‌పై 50 నంబరు టెర్మినల్‌కు. కొన్ని కంపెనీల మోటార్లపై ఈ అంకెల బదులు బి, ఎస్ అనే అక్షరాలు ఉంటాయి, పని అదే. ఆటోమేటిక్ గేర్ల కార్లలో ఈ రెండో దారి మధ్యలో న్యూట్రల్ స్విచ్, కొత్త కార్లలో క్లచ్ స్విచ్, దొంగతాళానికి కారును స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ కూడా అడ్డు నిలుస్తాయి. ఈ కారులో అవేవీ లేవు, కనీసం రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, కూడా లేదు. సాలినాయిడ్ తాగే కరెంటంతా తాళం వెనకాల ఉన్న చిన్న స్విచ్ గుండానే పోతుంది. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

పని మొదలుపెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగాం. ఇంజిను స్టార్టయితే కొలతలు తీయడం కుదరదు కాబట్టి ఇంధన పంపు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్ ఊడదీశాం. ఒక్కో విడతకు అయిదారు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు, మధ్యలో మోటారు చల్లారనివ్వాలి. మా దగ్గర కొందరు స్క్రూడ్రైవర్ మొనతో 30, 50 టెర్మినళ్ళను కలిపేసి మోటారు తిరుగుతుందో లేదో చూస్తారు. గేరులో ఉన్న కారు అలా ఒక్క ఉదుటున మనిషి మీదికి వచ్చిన ఘటనలు ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. రెండు క్లిప్పులు, రెండు మూరల వైరు, ఒక నొక్కుడు బటన్ ఉంటే దూరం నుంచి అదే పని చేసుకోవచ్చు. నా పెట్టెలో అలాంటిది ఎప్పుడూ ఉంటుంది.

బ్యాటరీతో మొదలుపెట్టాను. ఇంటి నుంచి నడుపుకుంటూ వచ్చిన కారు కనుక పైపై చార్జి పోవడానికి హెడ్‌లైట్లు కాసేపు వెలిగించి, ఆర్పేసి, కొద్దిసేపు ఆగి కొలిచాను. 12.58 వోల్టులు. నిండు బ్యాటరీ 12.6 పైన ఉంటుంది, 12.2 అంటే సగానికి దిగినట్టు, 12 దగ్గర ఉంటే ఇక చార్జింగుకు పెట్టాల్సిందే. ఇది బాగానే ఉంది. అయితే ఊరికే కూర్చున్న బ్యాటరీ వోల్టేజి చూసి సర్టిఫికెట్ ఇవ్వను. సెల్ఫ్ కొడుతూ చూడాలి. మీటరు మొనలు టెర్మినల్ క్లాంపుల మీద కాకుండా నేరుగా సీసపు పోస్టుల మీద పెట్టి, కుర్రవాడిని తాళం తిప్పమన్నాను. ఇంజిను మూలుగుతూ తిరిగింది. మీటరు 11.5 దగ్గర నిలిచింది. ప్లస్ కేబుల్ చుట్టూ పెట్టిన డీసీ క్లాంప్ మీటరు 75 ఆంపియర్లు చూపించింది.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే సగం కేసు తేలుతుంది. బ్యాటరీయే నీరసపడితే తిప్పేటప్పుడు వోల్టేజి 9.6 కిందికి జారిపోయేది. మోటారు పట్టేసినా, లోపల తిరిగే భాగం ఆర్మేచర్ షార్టయినా కరెంటు విపరీతంగా పెరిగేది, దాంతోపాటు వోల్టేజీ కూలేది. ఇక్కడ ఇంజిను నీరసంగా తిరుగుతోంది, బ్యాటరీ ధీమాగా ఉంది, కరెంటు ఉండాల్సిన దానికంటే తక్కువ ఉంది. బ్యాటరీ ఇవ్వగలదు, మోటారు పుచ్చుకోలేకపోతోంది. దారిలో ఎక్కడో ఎవరో తినేస్తున్నారు. బ్యాటరీ మార్చడమూ మోటారు విప్పడమూ రెండూ అనవసరపు పనులని ఈ ఒక్క విడతలోనే తెలిసిపోయింది.

ఇంకో చిన్న గమనిక. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ హెడ్‌లైట్లు దాదాపు మసకబారలేదు. లైట్ల ఎర్త్ బాడీ నుంచే బ్యాటరీకి పోతుంది. కాబట్టి బ్యాటరీకీ బాడీకీ మధ్య దారి బాగుంది.

ఇక వోల్టేజి ఎక్కడ పోతోందో పట్టుకోవాలి. పద్ధతి సులువు. దారిలో ఒక ముక్క ఈ చివర ఒక మొన, ఆ చివర ఇంకో మొన పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఆ ముక్కలో నిరోధం లేకపోతే మీటరు సున్నా దగ్గర ఉంటుంది. ఎంత చూపిస్తే అంత వోల్టేజిని ఆ ముక్క మింగుతోందని లెక్క. సాధారణంగా ఎర్త్ వైపు మొత్తం కలిపి 0.2 వోల్టులు దాటకూడదు. ప్లస్ వైపు సాలినాయిడ్ కాంటాక్టులతో సహా అర వోల్టు దాకా ఒప్పుకోవచ్చు.

బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి 30 బోల్టుకు 0.18. అక్కడి నుంచి కాంటాక్టులు దాటి మోటారుకు వెళ్ళే బోల్టు దాకా కలిపితే 0.30. బాగుంది. మొనలు ఎర్త్ వైపుకు మార్చాను. బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి బాడీకి 0.06. బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి మోటారు గుల్లకు 2.58. తేడా మొత్తం బాడీకీ ఇంజినుకూ మధ్యే ఉంది: 2.52 వోల్టులు. బ్యాటరీ ఇచ్చిన 11.5 లో మోటారుకు చేరుతున్నది 8.6 మాత్రమే.

అక్కడే నిలబడి చూస్తున్న మాస్టారు జేబులోంచి పెన్ను తీసి అట్టముక్క మీద భాగహారం వేశారు. "2.52 బై 75. అంటే 0.034 ఓములు. ఇంత చిన్నదా?" ఇంత చిన్నదే. ఇల్లంతా వెలిగే చోట ఎవరూ పట్టించుకోని నిరోధం వంద ఆంపియర్ల దారిలో కారును రోడ్డు మీద ఆపేస్తుంది.

నిర్ధారణ కోసం జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిను మీది శుభ్రమైన బోల్టుకు తగిలించి సెల్ఫ్ కొట్టించాను. ఇంజిను చటుక్కున, చురుగ్గా తిరిగింది. మాస్టారి ముఖం చూడాల్సింది. మీటరు లేనివాళ్ళు కూడా చేసుకోగల పరీక్ష ఇది, జంపర్ కేబుల్ ఉంటే చాలు.

అసలు చోటు గేరుబాక్సు మీద కనబడింది. ఇంజినునూ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ ఈ కారులో గేరుబాక్సు బోల్టు ఒకదాని కింద బిగుస్తుంది. క్లచ్ ప్లేటు మార్చాలంటే గేరుబాక్సు దించాలి, గేరుబాక్సు దించాలంటే ఆ పట్టీ విప్పాలి. పని అయ్యాక గేరుబాక్సును కడిగి, కొత్తగా కనబడాలని సిల్వర్ పెయింట్ కొట్టారు. మా వైపు ఇది మర్యాద కింద లెక్క, కస్టమరు బానెట్ ఎత్తి చూసుకుంటే పని జరిగినట్టు కనబడాలి. ఆ పెయింట్ మీదే పట్టీ లగ్గు, అంటే దాని చివర ఉండే లోహపు రింగు, పెట్టి బోల్టు బిగించారు. లగ్గు విప్పి చూస్తే దాని కింద గుండ్రంగా సిల్వర్ పొర చెక్కుచెదరకుండా ఉంది, కరెంటు ఏదో బోల్టు మరల గుండా కొంత దారి చేసుకుంటోంది. దానికి తోడు అల్లిన రాగి పట్టీ లగ్గు దగ్గర పచ్చగా కిలుము పట్టి ఉంది. చేత్తో వంచగానే పోగులు కొన్ని పొడిలా రాలాయి.

మా కుర్రవాడు పట్టీ విప్పకముందే దాని రెండు చివరలా మీటరును, దారి కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగులో, పెట్టి చూశాడు. "బీప్ వస్తోంది కదన్నా, ఎర్త్ బాగానే ఉంది" అన్నాడు. ఓముల్లో పెట్టి చూడమన్నాను. 0.3 వచ్చింది. రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించి చూడమన్నాను. అదీ 0.3. అది మీటరు వైర్ల సొంత నిరోధం. మనం వెతుకుతున్న 0.034 దాని కింద ఎక్కడో మునిగిపోయి ఉంది. పైగా ఓములు కొలిచేటప్పుడు మీటరు పంపేది మిల్లీఆంపియర్లలో కరెంటు. ఒంటరి మనిషి నడిచి దాటాడని ఆ వంతెన మీద లారీ పోతుందని ఎవరూ చెప్పలేరు. ఒక్క పోగు మిగిలిన కేబుల్ కూడా బీప్ కొడుతుంది. మునుపు ఈ కారును చూసిన ఎలక్ట్రీషియన్ కూడా ఎర్త్ చెక్ చేశానని చెప్పాడట. చేసే ఉంటాడు, బీప్‌తో.

ఇక క్లచ్ కేబుల్ కథ. ఇంజినుకు బాడీ నుంచి సరైన ఎర్త్ లేనప్పుడు కరెంటు ఆగిపోదు, దొరికిన ఇనుప ముక్కనల్లా పట్టుకుని పోతుంది. గేరుబాక్సు మీది లీవరు నుంచి పెడల్ దాకా వెళ్ళే క్లచ్ కేబుల్‌లో లోపలి తీగా ఉక్కే, పైన చుట్టిన స్ప్రింగు తొడుగూ ఉక్కే. పట్టీ మరమ్మతు చేయకముందు క్లాంప్ మీటరును క్లచ్ కేబుల్ చుట్టూ వేసి సెల్ఫ్ కొట్టించాను. 28 ఆంపియర్లు. క్లచ్ తొక్కడానికి పెట్టిన తీగలో 28 ఆంపియర్లు! మాస్టారు మళ్ళీ అట్టముక్క తీశారు. రెండున్నర వోల్టులు, 28 ఆంపియర్లు, 70 వాట్లు. అంత వేడి ఆ సన్నటి కేబుల్‌లో పుడుతుంటే లోపల తీగ జారడానికి పెట్టిన ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి తీగను పట్టేస్తుంది. పెడల్ బిగుసుకుపోవడానికి కారణం అదే. పాత కేబుల్ అలాగే పోయింది, కొత్తది కూడా అదే బాట పట్టింది. సెల్ఫ్ బాగా కొట్టాక బానెట్ కింద క్లచ్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో చేతికి వెచ్చగా తగిలితే ఇంకేం చూడకుండా ముందు ఇంజిను ఎర్త్ చూడండి. కంప్యూటరు ఉన్న కార్లలో ఇదే కరెంటు ఆ కంప్యూటరు (ఈసీయూ) ఎర్త్ వైర్ల గుండా కూడా దారి చేసుకోవచ్చు. సన్నటి వైర్లు కాలితే ఆ ఖర్చు క్లచ్ కేబుల్ ఖర్చులా ఉండదు.

చార్జింగ్ మీద కూడా ఈ పట్టీ దెబ్బ పడింది. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ గుల్ల ఇంజినుకే బిగించి ఉంటుంది కాబట్టి అది ఇచ్చే కరెంటు కూడా ఇదే పట్టీ మీదుగా తిరిగి రావాలి. ఇంధన ఫ్యూజు, కాయిల్ కనెక్టర్ పెట్టేసి, జంపర్ సాయంతో ఇంజిను స్టార్ట్ చేసి, జంపర్ తీసేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి కొలిచాను. ఆల్టర్నేటర్ మీద 14.2, బ్యాటరీ పోస్టుల మీద 13.1. రాత్రిపూట లైట్లు వేసుకుని నడిపితే ఈ బ్యాటరీకి కడుపు నిండదు. మాస్టారు మార్పిడిలో ఇచ్చేసిన పాత బ్యాటరీ బహుశా ఇలాగే అర్ధాకలితో ఉండి ఉంటుంది. ఒక రాత్రి చార్జింగుకు పెట్టి లోడ్ టెస్ట్ చేసి ఉంటే తేలేది. కానీ ఏ దుకాణంలో అయినా కొత్తది అమ్మడమే సులువు.

మరమ్మతు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముందు బ్యాటరీ మైనస్ విప్పాం, అన్నీ అయ్యాక చివర్లో అదే బిగించాం. గేరుబాక్సు మీద లగ్గు కూర్చునే చోటు అల్యూమినియం మెరిసేదాకా గీకాం, బాడీ వైపు కూడా రంగు, తుప్పు పోయేదాకా గీకాం. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కు రెండు చివరలా లగ్గులు క్రింప్ చేసి, పళ్ళున్న వాషర్లతో బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజు పూశాం. గ్రీజు ముందు పూసి లగ్గు పెట్టకూడదు. మళ్ళీ కొలత: తిప్పేటప్పుడు బ్యాటరీ 11.0, కరెంటు 110, ప్లస్ వైపు 0.44, ఎర్త్ వైపు మొత్తం 0.14. మోటారుకు 10.4 వోల్టులు అందుతున్నాయి. కరెంటు 75 నుంచి 110 కి పెరగడం, బ్యాటరీ వోల్టేజి మునుపటికంటే తగ్గడం చూసి కుర్రవాడు కంగారు పడ్డాడు. ఇంజిను వేగంగా తిరగాలంటే అంత కరెంటు కావాల్సిందే. ఇప్పుడు బ్యాటరీ తన పని తాను చేస్తోంది.

చాలామంది ఇక్కడ కారు అప్పజెప్పేస్తారు. మాస్టారు కూడా తాళాలు చేతిలోకి తీసుకున్నారు. నేను ఇవ్వలేదు. మధ్యాహ్నం టక్ కూడా రాదన్న మాట అలాగే మిగిలి ఉంది. ఎర్త్ పట్టీ దానికి పూర్తి సమాధానం కాదు.

ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఇంజిను వేడెక్కించి, ఆపేసి, బానెట్ మూసి ఎండలో వదిలాం. ఇంజిను ఆగాక గాలి ఆడదు కాబట్టి పక్కనున్న భాగాలకు వేడి ఆ తర్వాతే ఎక్కువగా పాకుతుంది, సెల్ఫ్ మోటారు అందులో ఉడుకుతుంది. అలా ఉడకనిచ్చి తిప్పితే ఒకసారి తీసుకుంది, ఇంకోసారి తీసుకుంది, ఆ తర్వాత నిశ్శబ్దం. టక్ లేదు. డాష్‌బోర్డు దీపాలు వెలుగుతున్నాయి, హారను మోగుతోంది.

తాళం అలాగే పట్టుకోమని 50 టెర్మినల్ దగ్గర కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.3 ఉంటే ఇక్కడ 7.4. వెంటనే నా బటన్ వైరుతో బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా 50 కి ఇచ్చాను, మోటారు తిరిగింది. సాలినాయిడ్ తప్పు లేదు. దానికి ఆజ్ఞే బలహీనంగా అందుతోంది.

ఇది వేడిలోనే ఎందుకు వస్తుందంటే, సాలినాయిడ్‌లో ఉండేవి రెండు చుట్లు. ఒకటి ప్లంజర్ అనే ఇనుప కడ్డీని లోపలికి లాగేది, ఇంకోటి లాగినదాన్ని పట్టి ఉంచేది. లాగే చుట్టు మోటారు గుండా ఎర్త్ అవుతుంది, చాలా కరెంటు తాగుతుంది. కాంటాక్టులు కలవగానే దాని రెండు చివరలా ఒకే వోల్టేజి వచ్చి అది పక్కకు తప్పుకుంటుంది, పట్టి ఉంచే చుట్టు ఒక్కటే మిగులుతుంది. అందువల్ల ఆజ్ఞ దారికి అసలు పరీక్ష మొదటి క్షణంలోనే. రాగి చుట్టు నిరోధం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది, ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం. అరవై డెబ్బై డిగ్రీలు పెరిగితే పావు వంతు పైచిలుకు నిరోధం పెరిగినట్టే, ఆ మేరకు లాగే బలం తగ్గినట్టే. దారి బాగున్న కారుకు ఆ తగ్గుదల తెలియదు. ఈ కారులో పొద్దున్న అంచు మీద నెట్టుకొచ్చేది మధ్యాహ్నం అంచు దాటి పడిపోతోంది. ప్లంజర్ నమ్మకంగా కదలాలంటే 8 వోల్టులైనా అందాలని మా పనివాళ్ళ లెక్క.

పోయిన 4.9 వోల్టులను మళ్ళీ ముక్కలుగా పట్టుకున్నాం. బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్ దాకా 0.4. స్విచ్ కాంటాక్టుల మీద 3.1. స్విచ్ నుంచి సాలినాయిడ్ దాకా 1.4, అందులో ఎక్కువ భాగం ఇంజిను పక్కన నల్లబడిన ఒక కనెక్టర్ దగ్గర. స్విచ్ వెనక భాగం ఊడదీస్తే సెల్ఫ్ కాంటాక్టు గుంటలు పడి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంది. ఎర్త్ చెడి నీరసంగా తిరుగుతున్నన్నాళ్ళూ మాస్టారు తాళం తిప్పి పట్టుకుని, వదిలి, మళ్ళీ తిప్పి ఎన్నిసార్లు ప్రయత్నించి ఉంటారో. పాత స్విచ్‌కు ఆ భారం తోడయింది.

స్విచ్ విద్యుత్ భాగం కొత్తది వేశాం, కనెక్టర్ పిన్నులు మార్చాం, అదనంగా ఒక నాలుగు కాళ్ళ రిలే పెట్టాం. తాళం నుంచి వచ్చే వైరు రిలే 86 కు, 85 ఎర్త్‌కు, బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు 30 కి, 87 నుంచి సాలినాయిడ్ 50 కి. ఇప్పుడు తాళం స్విచ్ మోసేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే, అది పావు ఆంపియరు కూడా ఉండదు. వేడిగా ఉన్నప్పుడు తాళం తిప్పి పట్టుకుని 50 దగ్గర కొలిస్తే బ్యాటరీ వోల్టేజికీ దానికీ తేడా 0.3.

"రిలే పెడుతున్నప్పుడు స్విచ్ కూడా ఎందుకండీ?" అని మాస్టారు అడిగారు. సబబైన ప్రశ్నే. రిలే ఒక్కటే పెట్టి పంపినా కారు స్టార్టవుతుంది, కొందరు అలాగే పంపుతారు. కానీ అదే స్విచ్ గుండా ఇగ్నిషన్ సరఫరా కూడా పోతుంది. ఒక పక్క వేడికి కమిలిన ప్లాస్టిక్ ఇంకో పక్క కాంటాక్టును ఎన్నాళ్ళు నిటారుగా పట్టి ఉంచుతుందో చెప్పలేం. వారధి మీద, వెనక లారీ ఉండగా, ఇంజిను ఆగిపోతే ఆ స్విచ్ ధర గుర్తుకు రాదు. ఆ మాటతో ఒప్పుకున్నారు.

క్లచ్ కేబుల్ మాత్రం మళ్ళీ మార్చాల్సి వచ్చింది, కొత్తదే అయినా లోపలి గొట్టం అప్పటికే తీగను పట్టడం మొదలుపెట్టింది. బిల్లులో పెద్ద వాటా సామాన్లది కాదు, కొలతలకు పట్టిన సమయానిది. రెండు పూటల పనికి కూలీ అడిగితే ముఖం చిట్లించేవాళ్ళు చాలామంది ఉన్నారు, అదే డబ్బుకు ఒక డబ్బా సామాను చేతిలో పెడితే మారు మాట్లాడరు. లెక్కల మాస్టారు కనుక ఇబ్బంది రాలేదు. మీటరు అంకెలన్నీ అట్టముక్క మీదికి ఎక్కించుకుని, దాన్ని సర్వీసు పుస్తకంలో పెట్టుకున్నారు.

ఇంట్లో ఒక మామూలు మల్టీమీటరు ఉందని, ఏడాదికోసారి తానే చూసుకోవడానికి ఏం కొలవాలని అడిగారు. రెండు కొలతలు రాసిచ్చాను. మీటరు డీసీ వోల్టులలో పెట్టి, ఒక మొన బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి ఇంజిను మీద రంగు లేని బోల్టు తల మీద ఆనించి, ఇంకొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. 0.2 దాటితే పట్టీ విప్పి శుభ్రం చేయాలి. తర్వాత ఇంజిను నడుస్తుండగా లైట్లు వేసి బ్యాటరీ పోస్టుల మధ్య కొలవాలి, 13.8 తగ్గితే తీసుకురావాలి. వైర్లు, వేళ్ళు, చొక్కా చేతులు ఫ్యాన్ బెల్టుకు దూరంగా ఉంచుకోవాలని కూడా కింద రాశాను.

క్లచ్ పని చేసిన మెకానిక్ మా వీధి చివరే ఉంటాడు. పట్టీ లగ్గును, దాని కింద సిల్వర్ గుండ్రాన్ని తీసుకెళ్ళి చూపించాను. అతను చూసి నవ్వి, అప్పటి నుంచి పెయింట్ కొట్టే ముందు ఎర్త్ బోల్టు చోట టేపు అంటిస్తున్నాడు. సిల్వర్ కొట్టడం మాత్రం మానలేదు.